పట్టా లేని పక్షిశాస్త్రవేత్త – డాక్టర్ సలీం అలీ

గిజిగాడి గూటిని మెచ్చుకోని తెలుగువారు లేరు. చకోరం, చక్రవాకం, రాజహంస మన కావ్యాలలో అడుగడుగునా తారసపడతాయి. అయితే పక్షిని తలచుకోవడం వేరు, తెలుసుకోవడం వేరు. గిజిగాడు ఒకే ఋతువులో ఎన్ని గూళ్ళు అల్లుతాడు, వాటిలో కొన్ని సగంలోనే ఎందుకు ఆగిపోతాయి అన్న ప్రశ్నకు సమాధానం కావ్యాలలో లభించదు, కళేబరాలు భద్రపరచిన ప్రదర్శనశాలలలోనూ లభించదు. చెట్టు దగ్గర రోజుల తరబడి కూర్చుని, చూసినదానిని చూసినట్లు వ్రాసుకున్న వానికే అది లభిస్తుంది. అటువంటి ఓర్పునే తన జీవితవృత్తిగా చేసుకుని, భారతదేశంలో పక్షిశాస్త్రానికి కొత్త దారి చూపిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ. ఆయన పేరుకు ముందున్న ‘డాక్టర్’ బిరుదు విశ్వవిద్యాలయాలు గౌరవంగా ఇచ్చినది. చదివి సంపాదించుకున్న పట్టా ఆయనకు ఒక్కటీ లేదు.

బాల్యం – ఒక పిచ్చుక కథ

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయి నగరంలో సులేమానీ బొహ్రా ముస్లిం కుటుంబంలో అందరికంటె చిన్నబిడ్డగా జన్మించారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి మరణించారు. తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం చేరదీసి ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచారు. మేనమామకు వేట అంటే ఇష్టం. ఆ ఇంట పెరిగిన బాలునికి చేతికి అందిన మొదటి ఆట వస్తువులలో గాలితుపాకి ఒకటి.

ఒకనాడు ఆ తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. ఇంటి చూరులో తిరిగే ఊరపిచ్చుకకు అటువంటి మచ్చ ఉండదు. బాలుడు దానిని మేనమామకు చూపించి పేరు అడిగాడు. ఆయనకూ తెలియలేదు. తెలియదని ఊరుకోక, తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి ఒక పరిచయపు ఉత్తరం ఇచ్చి పంపించారు. 1908 ప్రాంతంలో జరిగిన ఈ చిన్న సంఘటన ఆ బాలుని జీవితగతిని నిర్ణయించింది.

సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పిల్లవానిని చిన్నచూపు చూడలేదు. పక్షి పేరు చెప్పడమే కాక, బీరువాల సొరుగులు లాగి వరుసలు వరుసలుగా అమర్చిన పక్షి నమూనాలను చూపించారు. పుస్తకాలు అరువిచ్చారు. చర్మం ఒలిచి నమూనాను ఎలా భద్రపరచాలో నేర్పే ఏర్పాటు చేశారు. ఒక ప్రశ్నతో వచ్చిన బాలుడు వంద ప్రశ్నలతో తిరిగి వెళ్ళాడు.

చదువు – ఉద్యోగం

బడిచదువులో సలీం అలీ మెరికలాంటి విద్యార్థి కాడు. తలనొప్పి తరచుగా బాధించడంతో చదువు మధ్యలో కొంతకాలం సింధు ప్రాంతానికి పంపవలసి వచ్చింది. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద గట్టెక్కింది. కళాశాలలో చేరినా మొదటి ఏడాదితోనే స్వస్తి చెప్పి, కుటుంబానికి చెందిన గనుల, కలప వ్యాపారం చూడడానికి బర్మాలోని తవోయ్‌కి వెళ్ళారు. వ్యాపారం సాగలేదు. ఆ అడవులు మాత్రం ఆయన కంటిని పదును పెట్టాయి.

1917లో బొంబాయికి తిరిగి వచ్చి వాణిజ్య విద్య అభ్యసిస్తుండగా, సెయింట్ జేవియర్స్ కళాశాలకు చెందిన ఫాదర్ బ్లాటర్ ఆయన అభిరుచిని గుర్తించి జంతుశాస్త్రం వైపు మళ్ళించారు. పగలు లెక్కల చదువు, మిగిలిన వేళ జంతుశాస్త్రం. 1918లో తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది. విద్యావంతురాలైన ఆ ఇల్లాలు భర్త అభిరుచిని భారంగా కాక తన బాధ్యతగా స్వీకరించింది.

అయినా బ్రతుకుతెరువు ప్రశ్న అలాగే నిలిచింది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగానికి ప్రయత్నించగా, పట్టా లేదన్న కారణంగా అది దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో కొత్తగా తెరచిన ప్రకృతిశాస్త్ర విభాగంలో, సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని పదవి లభించింది. జీతం నెలకు 350 రూపాయలు. రెండేళ్ళలోనే, ఇతరులు వ్రాసినది వల్లించడం చాలదని గ్రహించి, 1928లో సెలవు పెట్టి జర్మనీకి వెళ్ళారు.

బెర్లిన్ జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో ఆచార్య ఎర్విన్ స్ట్రెస్‌మాన్ ఆయనకు గురువైనారు. స్ట్రెస్‌మాన్ వర్గీకరణలో ఉద్దండుడు. కాని పక్షి రంగును, ముక్కు కొలతను బట్టి పేరు పెట్టడంతో శాస్త్రం ముగుస్తుందని ఆయన భావించలేదు. ఆ పక్షి ఎక్కడ బ్రతుకుతుంది, ఏమి తింటుంది, ఒక ప్రాంతపు పక్షికీ పొరుగు ప్రాంతపు పక్షికీ భేదం ఎందుకు ఏర్పడింది అన్నవి కూడ శాస్త్రప్రశ్నలేనని శిష్యులకు బోధించారు. బర్మా నుండి వచ్చిన నమూనాలను పరిశీలించడం సలీం అలీకి అక్కడ అప్పగించిన పనులలో ఒకటి. హెలిగోలాండ్ ద్వీపంలో వలసపక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే విధానాన్ని కూడ ఆయన అక్కడే నేర్చుకున్నారు. జీవితాంతం తన గురువుగా ఆయన తలచుకున్నది స్ట్రెస్‌మాన్‌నే.

కిహీం తీరాన గిజిగాడు

1930లో స్వదేశం చేరేసరికి మ్యూజియంలో ఉద్యోగం లేదు. నిధులు చాలక ఆ పదవినే రద్దు చేశారు. నగరంలో ఇల్లు గడపడం కష్టమై, బొంబాయికి ఎదుటి తీరాన ఉన్న కిహీం అనే పల్లెకు దంపతులు మకాం మార్చారు. ఉద్యోగం పోవడం ఆయనకు దుఃఖం కలిగించిన మాట నిజం. కాని భారత పక్షిశాస్త్రానికి ఆ నిరుద్యోగమే మేలు చేసింది.

ఇంటికి దగ్గరలోనే గిజిగాళ్ళ వలస ఒకటి ఉంది. వానాకాలమంతా ఆయన గంటల తరబడి ఆ గూళ్ళను కనిపెట్టి చూశారు. ఆడపిట్టలు రాకముందే మగపిట్టలు గూళ్ళు మొదలుపెడతాయి. గూడు సగం పూర్తయి, శిరస్త్రాణం ఆకారానికి వచ్చిన దశలో ఆడపిట్టలు వచ్చి ఒక్కొక్క గూటిలో దూరి పరీక్షిస్తాయి. నచ్చినదానిని ఎంచుకుంటాయి, నచ్చనిదానిని విడిచిపోతాయి. ఆడపిట్ట అంగీకరించిన గూటికి మాత్రమే మగపిట్ట కింది గొట్టం అల్లి పూర్తి చేస్తుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టి పొదగడం ప్రారంభించగానే, మగపిట్ట మరొక గూడు మొదలుపెట్టి మరొక తోడును పిలుస్తుంది. ఈ విధంగా ఒకే ఋతువులో ఒకదాని తరువాత ఒకటిగా పలు సంసారాలు సాగుతాయి. సగంలో ఆగిపోయిన గూళ్ళు ఆడపిట్టలు తిరస్కరించినవి.

అంతకుముందు ఆ అసంపూర్ణపు గూళ్ళను గురించి ఎన్నో ఊహలు ప్రచారంలో ఉండేవి. ఊహలన్నిటికీ ఒక వానాకాలపు పరిశీలన సమాధానం చెప్పింది. సొసైటీ పత్రికలో వెలువడిన ఆ వ్యాసం సలీం అలీకి శాస్త్రలోకంలో గుర్తింపు తెచ్చింది.

అదే కాలంలో పూలకూ పక్షులకూ గల పొత్తును కూడ ఆయన పరిశీలించారు. మోదుగ, బూరుగ వంటి చెట్ల ఎఱ్ఱని పూలలో తేనె త్రాగే పిట్టలు పుప్పొడిని ఎలా మోస్తాయి, మామిడికొమ్మలను పట్టి పీడించే బదనిక మొక్క విత్తులను చిన్నారి పిట్టలు ఎలా వ్యాపింపజేస్తాయి అన్న విషయాలపై 1931, 1932 సంవత్సరాలలో వ్యాసాలు ప్రకటించారు. చెట్టుకూ పిట్టకూ పురుగుకూ గల పరస్పరాశ్రయాన్ని వివరించే జీవావరణ శాస్త్రం అన్న మాట మన పాఠ్యపుస్తకాలకు ఎక్కకముందే ఆయన ఆ శాస్త్రాన్ని ఆచరణలో పెట్టారు.

సంస్థానాలలో సంచారం

ఆంగ్లేయుల కాలంలో పక్షిశాస్త్రం ప్రధానంగా అధికారుల తీరికవేళ వ్యాసంగం. కాంగ్రెసు సంస్థాపకుడైన హ్యూమ్ దొర వేలకొలది పక్షి నమూనాలను సేకరించి బ్రిటిష్ మ్యూజియానికి సమర్పించారు. అయినా స్వదేశ సంస్థానాలలోని పెక్కు ప్రాంతాల పక్షులను క్రమపద్ధతిలో ఎవరూ పరిశీలించలేదు. ఆ లోటును సలీం అలీ తన అవకాశంగా మార్చుకున్నారు. ప్రయాణపు ఖర్చులు, మకాం భరిస్తే చాలు, జీతం లేకుండా సర్వే చేసి పెడతానని సంస్థానాధీశులకు ప్రతిపాదన పంపారు.

ఆ సర్వేలలో తొలినాటి ముఖ్యమైనది 1931–32లో హైదరాబాదు సంస్థానంలో జరిగింది. నాటి హైదరాబాదులో తెలంగాణ జిల్లాలతో పాటు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడ చేరి ఉండేవి. ఎద్దుబండ్లమీద సామాను వేసుకుని, అడవిలో గుడారం దింపి, తెల్లవారకముందే బయలుదేరడం ఆయన దినచర్య. తెహ్మీనా బేగం వెంట ఉండి మకాం వ్యవహారమంతా చూసుకునేది. సర్వే ఫలితాలు 1933–34లో సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. వాటికి వర్గీకరణ సంబంధమైన వివరణలు సమకూర్చినది ఇంగ్లండులోని హ్యూ విస్లర్.

ఈ విస్లర్‌తో స్నేహం విరోధంగా మొదలైంది. సలీం అలీ తొలి రచనలలో ఒకచోట, తోక చివర రెండు పొడవైన ఈకలతో ఎగిరే పసులపోలిగాడి జాతి పక్షిని గురించి గ్రంథాలలో స్థిరపడిన ఒక మాటను తప్పుపట్టారు. పేరు వినని ఒక భారతీయుడు పెద్దల మాటను కాదనడం విస్లర్‌కు రుచించలేదు. పత్రిక సంపాదకులకు ఘాటుగా ఉత్తరం వ్రాశారు. అయితే తరువాత తన వద్ద ఉన్న నమూనాలను తీసి మరల కొలిచి చూడగా, సలీం అలీ చెప్పినదే సరియని తేలింది. విస్లర్ పొరపాటును అంగీకరించడమే కాక ఆజన్మ మిత్రుడైనాడు. కొలబద్ద ముందు జాతి, హోదా, పట్టా నిలువలేదు.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియరు, ఇందూరు, భోపాలు సంస్థానాలు వరుసగా ఆయన సంచారభూములైనాయి. కుమావూఁ తరాయి ప్రాంతంలో, చాలాకాలంగా జాడ తెలియని ఫిన్ గిజిగాడిని మరల కనుగొన్నారు.

1939లో చిన్నపాటి శస్త్రచికిత్స అనంతరం తెహ్మీనా బేగం ఆకస్మికంగా మరణించింది. ఇరవై ఏళ్ళ సహచర్యం అలా తెగిపోయింది. ఆయన మరల వివాహం చేసుకోలేదు. చెల్లాచెదరైన మనసును కూడదీసుకుని, సోదరి ఇంట ఆశ్రయం పొంది, మరల అడవిబాట పట్టారు. 1939–40లో మైసూరు సంస్థానపు సర్వే సాగింది. ఆ సందర్భంలోనే, శ్రీరంగపట్టణం చేరువలో కావేరీ నది లంకలమీద వేలాది నీటిపక్షులు గూళ్ళు కట్టడం గమనించి, ఆ చోటును రక్షించవలసిందిగా మైసూరు మహారాజుకు నచ్చజెప్పారు. అదే నేటి రంగనతిట్టు పక్షి సంరక్షణకేంద్రం.

పుస్తకాలు – వర్గీకరణ

1941లో వెలువడిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ అన్న గ్రంథం సామాన్య పాఠకునికి పక్షులను పరిచయం చేసింది. రంగుల బొమ్మతో పాటు పక్షి పరిమాణం, నివాసం, అలవాట్లు, గూటి వివరాలు క్లుప్తంగా ఇచ్చిన ఆ పుస్తకం పలు ముద్రణలు పొంది, తరతరాల యువకులను పక్షుల వైపు ఆకర్షించింది.

ఆయన జీవితకృషికి శిఖరం మాత్రం అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ ది బర్డ్స్ ఆఫ్ ఇండియా అండ్ పాకిస్తాన్’. 1968 నుండి 1974 వరకు పది సంపుటాలుగా వెలువడిన ఈ మహాగ్రంథంలో జాతులు, ఉపజాతులు కలిసి రెండువేలకు పైగా పక్షిరూపాలు వర్ణింపబడ్డాయి. దానికి ఆధారమైన వర్గీకరణ పట్టిక రిప్లీ 1961లో ప్రకటించినది. ఏ రూపం ఏ జాతికి చెందుతుంది, ఏది ఉపజాతి మాత్రమే అన్న సూక్ష్మ నిర్ణయాలను ఎక్కువగా రిప్లీకి విడిచి, ఆ పక్షుల జీవితవిధానాన్ని సలీం అలీ నింపారు.

ఉపజాతుల విషయంలో ఆయనకు ఒక స్పష్టమైన అభిప్రాయం ఉండేది. వర్షం అధికంగా పడే సీమలో ఒకే పక్షి రంగు ముదురుతుంది, ఎండిన నేలలో వెలిసిపోతుంది. ఉత్తరాన పరిమాణం పెరుగుతుంది, దక్షిణాన తగ్గుతుంది. ఈ మార్పు క్రమక్రమంగా సాగేది. దానిని మధ్యలో ఎక్కడో ఖండించి రెండు పేర్లు పెట్టడం కొన్ని వేళల అవసరమే. కాని పేర్లు పెట్టడమే పరమార్థం కారాదు. అలాగని వర్గీకరణను ఆయన తృణీకరించలేదు. సర్వేలలో తుపాకి పట్టి నమూనాలు సేకరించినవాడే ఆయన. నమూనా లేనిదే నిర్ధారణ లేదని ఎరిగినవాడు. పేరు తెలిసిన తరువాతనే అసలు చదువు మొదలవుతుందన్నది ఆయన జీవితం చెప్పిన సత్యం. పదవ సంపుటం వెలువడేనాటికి ఆయన వయసు ఎనభైకి చేరువలో ఉంది.

ఉంగరం తొడిగిన రెక్కలు

స్వాతంత్ర్యానంతరం సొసైటీ ఆర్థికంగా కుంగినప్పుడు, సలీం అలీ ప్రధాని నెహ్రూకు వ్రాసి ప్రభుత్వ సహాయం సాధించారు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడి, మనుషులకు కొత్త జ్వరం సోకింది. ఆ విషక్రిమి సైబీరియా ప్రాంతపు జ్వరాల క్రిమికి దగ్గరిదని తేలడంతో, వలసపక్షులమీది గోమార్లు దానిని మోసుకువచ్చాయేమో అన్న అనుమానం కలిగింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో సొసైటీ పక్షుల కాళ్ళకు అంకెలున్న తేలికపాటి ఉంగరాలు తొడిగే బృహత్కార్యాన్ని చేపట్టింది. భరత్‌పూరులో, తమిళనాట కోడిక్కరైలో వేలకు వేలు పక్షులను వలలతో పట్టి, ఉంగరం తొడిగి విడిచిపెట్టారు. భరత్‌పూరులో ఉంగరం ధరించిన బాతులు హిమాలయాలకు ఆవల సోవియట్ భూములలో దొరికి, వలసదారులు బయటపడ్డాయి. తరువాతి కాలంలో ఆ పథకానికి అందిన విదేశీ నిధుల విషయమై పత్రికలలోనూ పార్లమెంటులోనూ అనుమానాలు వ్యక్తమయ్యాయి. ఆ ఆరోపణలను ఆయన దృఢంగా ఖండించారు.

కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట నుండి కాపాడాలన్న ఉద్యమంలో ఆయన గొంతుకు విలువ లభించింది. మహారాజుల బాతువేటకు నెలవైన భరత్‌పూరు చిత్తడినేల జాతీయ ఉద్యానంగా మారడంలో ఆయన పాత్ర గణనీయమైనది. అక్కడ పశువుల మేతను నిషేధించాలన్న వాదానికి కూడ ఆయన మద్దతు పలికారు. 1982లో నిషేధం అమలైనప్పుడు గ్రామస్థులతో ఘర్షణ జరిగి, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. కాని సొసైటీయే అక్కడ ఏళ్ళ తరబడి సాగించిన పరిశోధన వేరొక సంగతి చెప్పింది. గేదెలు మేయకపోవడంతో గడ్డి నీటిని కప్పివేసి, నీటిపక్షులకే చోటు తగ్గిందని తేలింది. ఆ తుది నివేదిక ఆయన మరణానంతరం వెలువడింది. తానే పెంచి పోషించిన పరిశీలనాపద్ధతి తాను బలపరచిన అభిప్రాయాన్నే సరిదిద్దడం ఒక శాస్త్రజ్ఞునికి అగౌరవం కాదు.

కలివికోడి జాడ

1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయం సలీం అలీకి గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. తెలుగునేలతో ఆయనకు గల అనుబంధంలో చివరి ఘట్టం కడపజిల్లాలో నడిచింది. పందొమ్మిదవ శతాబ్దంలో నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర కనుగొన్న ఒక పక్షి, 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. రాత్రివేళ ముళ్ళపొదల నడుమ నేలమీద పరుగెత్తే ఆ పక్షిని స్థానికులు కలివికోడి అంటారు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత దాని జాడ తెలియలేదు. అంతరించిందనే చాలమంది తలచారు.

సొసైటీ పరిశోధకులు పక్షి చిత్రాలతో పల్లె పల్లెకూ తిరిగి, వేటగాళ్ళను, పశువుల కాపరులను విచారించారు. 1986 జనవరిలో లంకమల కొండల చెంత ఒక స్థానిక వేటగాని సాయంతో కలివికోడి మరల కంటబడింది. ఎనభై ఆరేళ్ళ తరువాత దొరికిన ఆ ఆచూకీ, తొంభయ్యవ ఏట అడుగిడిన సలీం అలీకి అపురూపమైన కానుక. పుస్తకం చదవని వేటగాని కన్ను ప్రదర్శనశాలలోని ఎండిన చర్మం చెప్పలేనిదానిని చెప్పింది. 1988లో ఆ ప్రాంతం లంకమల్లేశ్వర వన్యప్రాణి సంరక్షణకేంద్రంగా ఏర్పడింది. తరువాతి కాలంలో కాలువ త్రవ్వకాలు ఆ పొదలకు ముప్పు తెచ్చాయి. ఈ శతాబ్దపు తొలి దశాబ్దం గడచిన పిమ్మట ఏళ్ళకేళ్ళు ఆ పక్షి ఎవరి కంటా స్పష్టంగా పడలేదు. కనుగొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం మరొక ఎత్తు.

గౌరవాలు – నిర్యాణం

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 1967లో బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుల సంఘం స్వర్ణపతకం అందించింది. పాల్ గెట్టీ బహుమతి లభించగా, దానితో ప్రకృతి సంరక్షణకు నిధి నెలకొల్పారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే సంవత్సరం వెలువడిన ఆత్మకథకు, బాల్యంలో తాను నేలకూల్చిన పిచ్చుకను స్మరించే పేరు పెట్టారు. 1987 జూన్ 20న బొంబాయిలో తుదిశ్వాస విడిచారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరిట పక్షిశాస్త్ర, ప్రకృతిశాస్త్ర పరిశోధనకేంద్రం వెలిసింది. తమిళనాటి మేఘమలై ప్రాంతంలో దొరికిన ఒక అరుదైన గబ్బిలానికి 1972లోనే ఆయన పేరు పెట్టారు.

సలీం అలీ జీవితం చదువు అక్కరలేదని చెప్పదు. జంతుశాస్త్రం నేర్చుకోవడానికి ఆయన కుటుంబభారం మోస్తూ సముద్రాలు దాటి వెళ్ళారు. పట్టాతో చదువు ముగియదని మాత్రమే ఆ జీవితం చెబుతుంది. పేరు తెలియని పక్షిని తెలియదని ఒప్పుకున్న మేనమామ, ప్రశ్న అడిగిన పిల్లవానికి సొరుగులు తెరచి చూపిన మిల్లార్డ్ లేకపోతే, ఈ దేశానికి సలీం అలీ లేడు. ఏ ఊరి పాఠశాల ఆవరణలోనైనా వానాకాలం రాగానే ఏదో ఒక చెట్టున గిజిగాళ్ళు చేరతాయి. వాటిని చూసి ప్రశ్న అడిగే విద్యార్థులు, ఆ ప్రశ్నను విసుగుకొనని ఉపాధ్యాయులు, చూసినది తేదీతో సహా వ్రాసుకునే ఒక నోటుపుస్తకం ఉన్నచోట, ఆ మహనీయుని పని సాగుతున్నట్లే లెక్క.